‘వర్క్ అవ్వట్లేదు’ అన్నప్పుడు అసలు ఏది పనిచేయనట్టు?

ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లని ‘ఎలా సాగుతోంది?’ అని అడిగితే తరచుగా వినిపించే జవాబు ‘వర్క్ అవ్వట్లేదు’. ఒకరి విషయంలో దానర్థం జెల్ మీద బ్యాండ్, అంటే డీఎన్ఏ ఉందని చూపే గీత, రాలేదని. ఇంకొకరికి బ్యాండ్లు చక్కగానే వచ్చాయి, కానీ రెండేళ్లుగా నమ్ముకున్న ఊహ తప్పని అవి చెబుతున్నాయి. మరొకరి పేపర్ రెండోసారి తిరిగొచ్చింది. వేరొకరి గైడ్ ఆరు వారాలుగా డ్రాఫ్ట్ తెరిచి చూడలేదు. ఇంకొకరికి తెల్లారితే మంచం దిగాలనిపించడం లేదు. అందరూ చెప్పేది ఒకటే మాట. అందరికీ దొరికే సలహా కూడా ఒకటే: ‘ఓపిక పట్టు, అదే సర్దుకుంటుంది.’

వీళ్లలో ఆ సలహా పనికొచ్చేది ఒకరికో ఇద్దరికో. పీసీఆర్ అంటే ఒక డీఎన్ఏ ముక్కకి లెక్కలేనన్ని ప్రతులు తీసే పద్ధతి, ఆ పని ఎక్కడ మొదలవ్వాలో చెప్పే చిన్న ముక్క ప్రైమర్. తప్పు ప్రైమర్‌తో ఓపికగా వందసార్లు పీసీఆర్ పెట్టినా బ్యాండ్ రాదు. డిప్రెషన్‌లో ఉన్న మనిషిని ఓపిక పట్టమనడం, కాలు విరిగినవాణ్ణి కాస్త నెమ్మదిగా పరుగెత్తమన్నట్టే. రీసెర్చ్‌లో ఎదురుదెబ్బలు చాలామందిని కుంగదీయడానికి వాటి సంఖ్య ఒక్కటే కారణం కాదు. రకరకాల దెబ్బలు లోపలికి వెళ్లేసరికి ఒకే నొప్పిగా కలిసిపోతాయి, ఆ నొప్పికి మనం పెట్టే పేరు కూడా ఒకటే: ‘నాకు చేతకాదు.’ ఆ ముడిని ఇక్కడ కాస్త విప్పి చూద్దాం.

ఆ పేరే ఎందుకు పెడతామో ముందు తెలుసుకోవాలి. పీహెచ్‌డీలో చేరేదాకా పదిహేను పదహారేళ్లు మనం చదివినదంతా జవాబు ఉన్న ప్రశ్నలే. జవాబు తప్పయిందంటే సరిగా చదవలేదని అర్థం, ఇంకాస్త చదివితే సరిపోయేది. సైన్స్‌లో పీహెచ్‌డీ దాకా వచ్చినవాళ్లంటేనే ఆ లెక్క బాగా కలిసొచ్చినవాళ్లు. ల్యాబ్‌లో అడుగుపెట్టిన రోజు నుంచి ఆ లెక్క చెల్లదు. ఇక్కడ జవాబు గైడ్‌కీ తెలియదు, తెలిస్తే ఆ ప్రశ్న మీకిచ్చేవారే కాదు. అయినా పాత అలవాటు లోపల అలాగే ఉంటుంది: రిజల్ట్ రాలేదంటే తప్పు నాదే. ఇది బలహీనత కాదు, పదహారేళ్ల శిక్షణ ఫలితం. అది ఒక్క ఏడాదిలో పోదు.

అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేదీ, అన్నిటికంటే తక్కువగా మాట్లాడుకునేదీ ప్రయోగం సాంకేతికంగా విఫలం కావడం. ప్రశ్న మంచిదే, పద్ధతి కూడా మంచిదే, కానీ ఎక్కడో ఏదో కుదరడం లేదు. నేను నాలుగు నెలలు ఒకే పీసీఆర్ దగ్గర ఆగిపోయాను. ఉష్ణోగ్రత మార్చాను, మెగ్నీషియం మార్చాను, ఎంజైమ్ మార్చాను. ఒక్కోసారి తొందరకొద్దీ మూడూ కలిపి మార్చాను. చివరికి పక్క బెంచీ సీనియర్‌ని అడిగితే ఆవిడ వేసిన మొదటి ప్రశ్న: ‘ఈ మిక్స్‌తో, ఖచ్చితంగా వచ్చే ప్రోడక్ట్ ఏదైనా వస్తోందా?’ నేను ఆ పరీక్షే చేయలేదు. చేస్తే అదీ రాలేదు. అందరం వాడుకునే ఒక ట్యూబ్ మీద రాసిన గాఢతకీ లోపల ఉన్నదానికీ పది రెట్లు తేడా. నాలుగు నెలల సమస్య రెండు రోజుల్లో తేలిపోయింది. ఆ నాలుగు నెలలూ నేను కష్టపడలేదని ఎవరూ అనలేరు. లోపం కష్టంలో లేదు, వెతికిన తీరులో ఉంది. అంతకంటే పెద్ద లోపం, అడగడానికి సిగ్గుపడటం.

అందుకే ప్రయోగం నడవనప్పుడు అన్నిటికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ‘ఇంకా ఏం మార్చాలి?’ అన్నది కాదు. ‘చివరిసారిగా ఏది పనిచేసింది?’ అన్నది. అక్కడికి వెనక్కి వెళ్లి, ఒక్కోసారి ఒక్కటే మారుస్తూ ముందుకు రావాలి. పాజిటివ్ కంట్రోల్, అంటే ఖచ్చితంగా ఫలితం రావలసిన నమూనా, లేని ప్రయోగం విఫలమైతే దాని నుంచి తెలిసేది ఏమీ ఉండదు. కంట్రోల్ ఉంటే అదే వైఫల్యం సమాచారం అవుతుంది. నోట్‌బుక్‌లో విజయాలకంటే వైఫల్యాలనే వివరంగా రాయాలి: ఏ లాట్ రీఏజెంట్ (ప్రయోగంలో వాడే రసాయనం), ఎన్నో పాసేజ్ కణాలు (ఎన్నిసార్లు కొత్త పాత్రలోకి మార్చి పెంచినవి), ఎన్ని గంటలు ఉంచాం. ఆరు నెలల తర్వాత అవి గుర్తుండవు. చాలామంది పాటించని ఇంకో మాట, గడువు. ‘ఈ పద్ధతికి ఇంకో మూడు వారాలు. అప్పటికీ రాకపోతే వేరే పద్ధతి’ అని మొదలుపెట్టకముందే గైడ్‌తో మాట్లాడి రాసిపెట్టుకోవాలి. పనిలో మునిగాక ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరికీ చేతకాదు.

తప్పు అసలు మీ చేతిలోనే లేకపోవచ్చు కూడా. ప్రచురితమైన పద్ధతిని అక్షరాలా పాటించినా అదే రిజల్ట్ రాకపోవడం ఎంత మామూలో కొత్తగా చేరినవాళ్లకి ఎవరూ చెప్పరు. 2016లో నేచర్ పత్రిక 1,576 మంది పరిశోధకులతో సర్వే చేస్తే, వేరేవాళ్ల ప్రయోగాన్ని మళ్లీ చేయబోయి విఫలమయ్యామని 70 శాతానికి పైగా చెప్పారు. 2012లో యామ్‌జెన్ కంపెనీ శాస్త్రవేత్తలు క్యాన్సర్ రంగంలో పేరున్న 53 అధ్యయనాలని పరీక్షించి చూస్తే నిలిచినవి 6. కణాల విషయంలో ఇంకా పాత కథ ఉంది. వేర్వేరు కణజాలాలవని నమ్మి ల్యాబుల్లో తరతరాలుగా పెంచుతున్న కణాల్లో, అంటే సెల్ లైన్లలో, చాలావాటిని హీలా అనే మానవ క్యాన్సర్ కణాలు ఆక్రమించేశాయని స్టాన్లీ గార్ట్‌లర్ 1966లోనే చూపించాడు. దశాబ్దాల తర్వాత కూడా ఆ తప్పుడు లైన్లతో పేపర్లు వస్తూనే ఉన్నాయి. ఆ పేపర్లని నమ్మి, పని ముందుకు సాగక, రాత్రుళ్లు తమని తాము నిందించుకున్న విద్యార్థులు ఎందరో తలుచుకుంటే బాధేస్తుంది.

ఓపిక అనేది నిజంగా ఎక్కడ పనిచేస్తుందో తెలియాలంటే చైనా శాస్త్రవేత్త తూ యూయూ కథ చూడాలి. మలేరియా మందు కోసం ఆమె బృందం ఒక మొక్క సారాన్ని పరీక్షిస్తుంటే ఒకసారి ఫలితం వచ్చేది, ఇంకోసారి వచ్చేది కాదు. ఆమె అదే పనిని మరింత పట్టుదలగా చేయలేదు. 4వ శతాబ్దపు వైద్య గ్రంథంలో ఆ మొక్కని నీళ్లలో నానబెట్టి పిండమని ఉంది, మరిగించమని లేదు. వేడికే అసలు పదార్థం పాడవుతోందేమో అని ఊహించి, తక్కువ ఉష్ణోగ్రతలో ఈథర్ అనే ద్రావణితో సారం తీశారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో పూర్తిగా పనిచేసింది. ఈ కథని ‘190 సార్లు ఓడినా ఆగలేదు’ అని చెప్పడం అందరికీ అలవాటు. నాకు అందులో ముఖ్యంగా కనిపించేది వేరు: ఎందుకు ఓడిపోతున్నామన్న దానికి ఆమె ఒక కారణం ఊహించి, దాన్ని పరీక్షించింది.

ఇప్పుడు రెండో మనిషి సంగతి. ప్రయోగం పనిచేసింది, కంట్రోళ్లన్నీ సరిగా ఉన్నాయి, జవాబు మాత్రం ‘కాదు’ అని వచ్చింది. దీన్ని కూడా ‘వర్క్ అవ్వట్లేదు’ అంటాం, కానీ ఇది పూర్తిగా పనిచేసిన ప్రయోగం. కాంతిని మోసుకెళ్లే ‘ఈథర్’ అనే మాధ్యమం అంతటా ఉందని (పైన చెప్పిన ద్రావణి కాదు) అప్పట్లో నమ్మేవారు. 1887లో మైకెల్సన్, మోర్లీ అనే శాస్త్రవేత్తలు, భూమి కదులుతుంటే ఎదురు తగలాల్సిన ఆ ఈథర్ గాలిని కొలవడానికి అప్పటికి అత్యంత సున్నితమైన పరికరం కట్టారు. వాళ్లు ఎదురుచూసిన తేడా కనిపించలేదు. ఆ శూన్య ఫలితాన్ని భౌతికశాస్త్రం ఎలా అర్థం చేసుకోవాలో తెలియక ఏళ్ల తరబడి తలపట్టుకుంది. అది అంత విలువైనది కావడానికి కారణం, పరికరం బాగాలేదని ఎవరూ తోసిపుచ్చలేకపోవడం. మీ ‘కాదు’ అన్న జవాబు బరువు కూడా కంట్రోళ్ల మీదే ఆధారపడి ఉంటుంది.

అయితే మూడేళ్ల ప్రాజెక్టు ‘కాదు’ అని తేలితే థీసిస్ సంగతేమిటి? ఈ భయం న్యాయమైనదే. శూన్య ఫలితాల్ని పత్రికలు అంత ఆదరంగా వేయవు, కమిటీలు కూడా పైకి చెప్పినంత సులువుగా ఒప్పుకోవు. అందుకే మొదటి ఏడాదిలోనే రెండో దారి ఒకటి, చిన్నదైనా సరే, ఖచ్చితంగా ఏదో ఒక జవాబు వచ్చేది, పక్కన పెట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ప్రశ్నని కూడా ‘అవును అయినా కాదు అయినా రాయగలనా?’ అని ముందే పరీక్షించి ఎంచుకోవచ్చు. ‘ఇంత కాలం పెట్టాను కదా’ అనేది ప్రాజెక్టుని కొనసాగించడానికి కారణం కాదు. పోయిన మూడేళ్లు ఎలాగూ పోయాయి. ఇంకో ఏడాది పెట్టాలా అన్నదే మన చేతిలో ఉన్న ప్రశ్న.

వింతగా అనిపించిన ఫలితాన్ని మాత్రం పారేయకండి. శాస్త్రవేత్తలు కతాలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ ఎంఆర్ఎన్ఏ (ఏ ప్రోటీన్ తయారుచేయాలో కణానికి చెప్పే అణువు) మీద పనిచేస్తున్నప్పుడు, బయట తయారుచేసిన ఆర్ఎన్ఏ ఇస్తే రోగనిరోధక కణాలు రెచ్చిపోయేవి. మందుగా వాడాలనుకున్నవాళ్లకి అది పెద్ద అడ్డంకి. కానీ పోల్చి చూడటానికి వాడిన ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏ అనే ఇంకో రకానికి ఆ కణాలు స్పందించలేదు. ఎందుకని వెతికితే, అందులో మార్పు చెందిన న్యూక్లియోసైడ్లు, అంటే ఆర్ఎన్ఏని కట్టే ముక్కలు, ఎక్కువ. 2005లో ఆ సంగతి ప్రచురించారు, 2023లో నోబెల్ వచ్చింది. అంతకు ముందే, 1995లో, కరికో హోదా తగ్గించారన్నదీ అందరికీ తెలిసిన విషయమే.

ఇలాంటి కథలు చెప్పేటప్పుడు నాకొక సంకోచం ఉంటుంది. జీవరసాయన శాస్త్రవేత్త హాన్స్ క్రెబ్స్, కణాలు ఆహారం నుంచి శక్తి తీసే సిట్రిక్ యాసిడ్ చక్రం గురించి 1937లో రాసిన ఉత్తరాన్ని నేచర్ వేసుకోలేదు, అప్పటికే ఏడెనిమిది వారాలకి సరిపడా ఉత్తరాలు ఉన్నాయంది. ఆయనకి 1953లో నోబెల్ వచ్చింది. పేపర్ రిజెక్ట్ అయిన ప్రతి విద్యార్థికీ ఎవరో ఒకరు ఈ కథ వినిపిస్తారు. రిజెక్ట్ అయి, ఆ తర్వాత పేరు వినపడకుండా పోయినవాళ్ల కథలు ఎవరూ చెప్పరు, అవి మనదాకా రావు కాబట్టి. తిరస్కారం గొప్పతనానికి గుర్తు కాదు. చేతకానితనానికీ గుర్తు కాదు. చాలాసార్లు అది ఆ వారం ఆ సంపాదకుడి బల్ల మీద ఎన్ని పేపర్లున్నాయన్న లెక్క మాత్రమే.

ఈ విషయంలో నేను నమ్మే అధ్యయనం ఒకటుంది. యాంగ్ వాంగ్, బెంజమిన్ జోన్స్, డాషున్ వాంగ్ 2019లో ప్రచురించారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల గ్రాంటు కోసం దరఖాస్తు పెట్టిన కొత్త శాస్త్రవేత్తల్లో, కటాఫ్ గీతకి కాస్త పైన ఉండి గ్రాంటు పొందినవాళ్లనీ కాస్త కింద ఉండి పోగొట్టుకున్నవాళ్లనీ పోల్చారు. ప్రతిభలో వాళ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. తర్వాతి పదేళ్లలో, రంగంలో నిలిచినవాళ్లని చూస్తే, ఓడినవాళ్ల పేపర్లే ఎక్కువ ప్రభావం చూపాయి. బలహీనులు వెళ్లిపోవడం వల్ల మిగిలినవాళ్లు మెరుగ్గా కనిపిస్తున్నారా అని కూడా లెక్కచూశారు, అదొక్కటే దాన్ని వివరించలేకపోయింది. కానీ అదే అధ్యయనంలో ఇంకో సంగతుంది: ఆ ఒక్క ఓటమి తర్వాత ఆ గ్రాంట్ల వ్యవస్థ నుంచి శాశ్వతంగా కనుమరుగయ్యే అవకాశం 10 శాతానికి పైగా పెరిగింది. మొదటి సగం మాత్రమే చెప్పి ధైర్యం నూరిపోయడం నిజాయితీ కాదు. దెబ్బ కొందరిని పదును పెడుతుంది, కొందరిని బయటికి తోస్తుంది. ఆ రెండిటి మధ్య తేడా చాలావరకు పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుందని నా అభిప్రాయం.

రివ్యూలు వచ్చిన రోజున ఒకసారి చదివి మూసేయండి. రెండు రోజుల తర్వాత తెరిచి ఒక్కో వాక్యాన్నీ విడదీయండి. కొన్ని నిజమైన తప్పులు ఎత్తిచూపుతాయి. కొన్ని రివ్యూయర్‌కి అర్థం కాలేదని చెబుతాయి, అంటే రాయడంలో లోపం. కొన్ని ఇంకో ఏడాది పని అడుగుతాయి, వాటి గురించి గైడ్‌తో మాట్లాడాలి. ఇంకొన్ని ఉత్త దురుసుతనం, వాటికి జవాబు ఒక మర్యాద వాక్యం. ఇక వేరే ల్యాబ్ అదే పనిని ముందు ప్రచురించేస్తే, అంటే స్కూప్ అయితే, ఆ రోజు ప్రపంచం మునిగిపోయినట్టే ఉంటుంది. కానీ పీఎల్ఓఎస్ బయాలజీ అనే పత్రిక 2018 నుంచి, అలా వెనకబడ్డ పేపర్లని కూడా ఆరు నెలల లోపల పంపితే పరిశీలనకి తీసుకుంటోంది. ఇద్దరికి విడివిడిగా ఒకే ఫలితం వచ్చిందంటే అది నమ్మదగినదనేగా అర్థం.

‘నేను ఇక్కడ ఉండదగ్గదాన్ని కాదు’ అన్న భావనకి 1978లో మనస్తత్వ శాస్త్రవేత్తలు పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ ఇంపోస్టర్ ఫినామినన్ అని పేరు పెట్టారు. కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న జోసెలిన్ బెల్‌కి సరిగ్గా ఈ భావనే ఉండేది. తనని పొరపాటున చేర్చుకున్నారనీ, ఏదో ఒకరోజు పంపించేస్తారనీ, అప్పటిదాకా తన వంతు పూర్తిగా చేయాలనీ అనుకునేదాన్నని ఆవిడే చెప్పారు. రేడియో టెలిస్కోప్ రోజుకి దాదాపు 30 మీటర్ల చార్టు కాగితం కక్కేది. 1967లో ఆ కాగితం మీద ఒక చిన్న గీతల మచ్చని ఆమె వదలకుండా పట్టుకుంది. అది పల్సర్, అంటే వేగంగా తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో తరంగాల్ని పంపే నక్షత్రం. 1974లో నోబెల్ ఆమె గైడ్‌కీ ఇంకొకరికీ వెళ్లింది. 2018లో తనకి వచ్చిన 30 లక్షల డాలర్ల బహుమతిని, అవకాశాలు తక్కువగా దొరికే వర్గాల నుంచి వచ్చే భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థుల కోసం మొత్తం ఇచ్చేశారు.

అయితే ఈ ‘ఇంపోస్టర్’ అన్న మాటని ఇప్పుడు మరీ సులువుగా వాడేస్తున్నారని నాకనిపిస్తుంది. గ్రూప్ మీటింగ్‌లో ఒక విద్యార్థిని మాట్లాడినప్పుడల్లా మధ్యలో ఆపేస్తుంటే, తను అక్కడికి చెందనన్న భావన రావడం ఆమె మనసులోని భ్రమ కాదు. ల్యాబ్ నిజంగానే ఆమెకి అలా చెబుతోంది. అక్కడ మార్చాల్సింది ఆమె ఆలోచనా విధానాన్ని కాదు.

దీంతో అన్నిటికంటే బరువైన విషయానికి వచ్చాం: గైడ్. పీహెచ్‌డీలో జీతం, ప్రాజెక్టు, సిఫారసు ఉత్తరం, డిగ్రీ పూర్తయ్యే తేదీ, అన్నీ చాలావరకు ఒకే మనిషి చేతిలో ఉంటాయి. మరే ఉద్యోగంలోనూ ఒక్కరి మీద ఇంత ఆధారపడటం ఉండదేమో. ఇక్కడ కూడా ముందు విడదీసి చూడాలి. తీరికలేని గైడ్ వేరు, తీరు కుదరని గైడ్ వేరు, హింసించే గైడ్ వేరు. మొదటి రకానికి నిర్ణీత సమయం, ఒక పేజీ అజెండా, ‘శుక్రవారంలోగా మీ అభిప్రాయం రాకపోతే ఈ పద్ధతిలో మొదలుపెడతాను’ లాంటి స్పష్టమైన మెయిల్ సరిపోతాయి. రెండో రకంలో ఎవరి తప్పూ ఉండకపోవచ్చు. ఒకరికి రోజూ మాట్లాడితేగాని పని కదలదు, ఇంకొకరికి వదిలేస్తేగాని కదలదు. అది బయటికి మాట్లాడుకోవాలి, కమిటీలో ఇంకొకరి తోడు తీసుకోవాలి.

మూడో రకంలో, అంటే అవమానించడం, బెదిరించడం, మీ పనిని లాక్కోవడం, హద్దులు దాటడం జరిగినప్పుడు, సర్దుకుపోవడం పరిష్కారం కాదు. ప్రతి మీటింగ్ తర్వాత ‘ఈ రోజు మనం అనుకున్నవి ఇవీ’ అని ఒక మెయిల్ పంపండి, తేదీలతో రాసిపెట్టుకోండి, ల్యాబ్ బయట నమ్మకమైన ఒక అధ్యాపకుడికి చెప్పండి. సంస్థలో ఫిర్యాదు కమిటీ ఉంటే దాని నియమాలు అవసరం రాకముందే చదివి ఉంచుకోండి. ల్యాబ్ మారితే ఏడాది పోవచ్చు. అలాంటి చోట ఉండిపోతే పోయేది ఏడాది కాదు. మూడో ఏట ల్యాబ్ మారి హాయిగా పూర్తిచేసినవాళ్లని నేను చూశాను. ఉండిపోయి, పూర్తిచేసి, ఆ తర్వాత సైన్స్ అంటేనే ముఖం తిప్పుకున్నవాళ్లనీ చూశాను.

ఈ దెబ్బలన్నీ ఒంటి మీదా మనసు మీదా పడతాయి. 2018లో నేచర్ బయోటెక్నాలజీలో వచ్చిన అధ్యయనంలో 26 దేశాల నుంచి 2,279 మంది, ఎక్కువగా పీహెచ్‌డీ విద్యార్థులు, పాల్గొన్నారు. 41 శాతం మందిలో ఆందోళన, 39 శాతం మందిలో డిప్రెషన్ ఓ మోస్తరు నుంచి తీవ్ర స్థాయి దాకా కనిపించాయి. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లనే అడిగారు కాబట్టి, బాధలో ఉన్నవాళ్లే ఎక్కువగా జవాబిచ్చి ఉండొచ్చు. అలాగని కొట్టిపారేయలేం. 2017లో బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 3,659 మంది పీహెచ్‌డీ విద్యార్థుల మీద జరిగిన అధ్యయనంలోనూ 32 శాతం మంది మానసిక అనారోగ్యం అంచున ఉన్నారని తేలింది.

ప్రయోగం పోయిన రోజు దిగులుగా ఉండటం మామూలే. రెండు వారాలకి పైగా నిద్రపట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఇదివరకు ఇష్టమైనవి కూడా రుచించకపోవడం మామూలు కాదు. అప్పుడు కావలసింది టైమ్ మేనేజ్‌మెంట్ పాఠం కాదు, వైద్యం. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే థీసిస్, గడువు, గైడ్, ఏదైనా ఆగుతుంది. ఈ రోజే, ఇప్పుడే, ఒక మనిషికి చెప్పండి. పక్క బెంచీలో ఉన్నవాళ్లకి చెప్పినా సరే. వినేవాళ్లు ‘అందరికీ ఇంతే’ అనకండి. డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి.

చివరిగా, మానేయడం. దీని గురించి మాట్లాడితేనే అపశకునంగా చూస్తారు. కానీ మానేయాలా వద్దా అన్న ప్రశ్నకి జవాబు, ఇంతసేపూ విడదీసిన దాంట్లోనే ఉంది. ప్రైమర్ తప్పయితే ప్రైమర్ మార్చాలి, ప్రశ్న తప్పయితే ప్రశ్న, గైడ్ తప్పయితే గైడ్. ఆరోగ్యం బాగాలేకపోతే కొంతకాలం సెలవు తీసుకోవాలి. ఇవన్నీ సరిగా ఉన్న ఒక మంచి వారంలో, పని సాఫీగా నడిచిన రోజు సాయంత్రం కూడా, ‘నాకు ఈ జీవితం వద్దు’ అనిపిస్తే అది వినదగ్గ మాట. రిజెక్షన్ మెయిల్ వచ్చిన రాత్రి అనిపిస్తే, కనీసం నెల ఆగి మళ్లీ అడగండి.

నా తోటి విద్యార్థి ఒకతను అలా బాగా ఆలోచించుకుని నాలుగో ఏట వెళ్లిపోయాడు. వెళ్లే ముందు మూడు రోజులు కూర్చుని, ఫ్రీజర్‌లో ఏ పెట్టెలో ఏముందో, ఏ ప్లాస్మిడ్ (వలయంలా ఉండే చిన్న డీఎన్ఏ) సీక్వెన్స్ సరిచూసినదో, ఏ ప్రయోగం ఎన్నిసార్లు ఎందుకు పోయిందో పదకొండు పేజీలు రాసిపెట్టాడు. తర్వాత ఆ ప్రాజెక్టు తీసుకున్న అమ్మాయి వాటిలో నాలుగు పేజీలు బెంచీ ముందు గోడకి అంటించుకుంది. అన్నీ పోయిన ప్రయోగాల పేజీలే.